సౌండు కార్డు పట్టిన మూగనోము
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



కార్యదర్శిగారు పది రోజుల క్రితం ఫోను చేసి, "డి.ఏ. లెక్కలూ మెడికల్ బిల్లులూ విని విని అందరూ అలసిపోయారండీ, ఈసారి మీరు కంప్యూటరు గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. నేను కంప్యూటరు ఇంజనీరును కాను. టెలిఫోను శాఖలో టెక్నీషియనుగా చేరి, ఎం.డి.ఎఫ్. దగ్గర నిలబడి జంపర్లు లాగుతూ, టంకం పొగ పీలుస్తూ ఉద్యోగం ముగించినవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన ఒకే ఒక్క కంప్యూటరు కథ చెబుతాను. మా ఇంటి కంప్యూటరుకు 1998లో మాట పడిపోయింది. అది మళ్లీ ఎలా వచ్చిందీ, ఈలోగా నేనేం పోగొట్టుకున్నదీ మీతో పంచుకుంటాను.

ముందు కేసెట్టు సంగతి చెప్పాలి. 1979 వేసవిలో మా ఇంట్లో మోనో టేప్‌రికార్డరు ఒకటి ఉండేది. ఒక మధ్యాహ్నం మా అమ్మను కూర్చోబెట్టి, ఆవిడ పాడే మంగళహారతులూ లాలిపాటలూ అరవై నిమిషాల కేసెట్టు మీద రెండు వైపులా రికార్డు చేశాను. అమ్మ 1986లో పోయింది. తరువాత ఆ కేసెట్టు బీరువాలో పట్టుచీరల కింద పన్నెండేళ్లు ఉంది. దానికి నకలు లేదు. మా అక్కయ్య బందరు నుంచి వచ్చినప్పుడల్లా "ఒరే, అమ్మ పాటలు నాకోసారి వినిపించరా" అనేది. నేను "టేపు పాతబడిందే, తెగుతుంది" అని వాయిదా వేసేవాణ్ణి. నిజానికి నా భయమూ అదే. తీసి చూస్తే అంచుల్లో తెల్లటి బూజు కూడా కనిపించింది.

1997లో మా అబ్బాయి పాత పెంటియం కంప్యూటరు ఒకటి కొన్నాడు. అందులో ఊరూ పేరూ లేని సౌండు కార్డు ఒకటి ఉంది. దానికి టేప్‌డెక్కు తగిలిస్తే పాట కంప్యూటరులోకి ఎక్కించవచ్చునని తెలిసి నాకు ప్రాణం లేచివచ్చింది. లెక్క కూడా వేసుకున్నాను. సెకనుకు 22,050 నమూనాలు, ఒక్కొక్కటి రెండు బైట్లు. ముప్ఫై నిమిషాల ఒక వైపుకు సుమారు 79 మెగాబైట్లు అవుతాయి. డిస్కులో చోటుంది. పరీక్షకని మొదటి అర నిమిషం ఎక్కించాను. పాట మొదలుపెట్టే ముందు అమ్మ గొంతు సవరించుకొని "ఉండరా అబ్బాయ్" అంటుంది. ఆ మాట కంప్యూటరులోంచి వినపడినప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడిపోయింది.

అక్కడితో ఆగి, మిగతా గంటా ఎక్కించేసి ఉంటే ఈ ప్రసంగమే ఉండేది కాదు. కొత్త ఆపరేటింగ్ సిస్టం వేసుకుంటే రికార్డింగు ఇంకా బాగా వస్తుందని ఎవరో చెప్పగా, పాతది తీసేసి కొత్తది వేశాను. మెషీను తిరిగి లేచింది. రంగులు బాగున్నాయి. అమ్మ గొంతు ఫైలు నొక్కాను. "ఉం... ఉం... ఉం... ఉం..." అని అదే ముక్క, ఆగకుండా, స్విచ్చి కట్టేసేదాకా. "ఉండరా" అన్న మాటలో మొదటి ముక్క దాటి ఆవిడ ముందుకు రాలేకపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు కాస్త యంత్రం లోపలికి వెళ్దాం. మన వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పాత మాగ్నెటో బోర్డులు గుర్తున్నాయి కదా. చందాదారు హ్యాండిలు తిప్పగానే బోర్డు మీద అతని షట్టరు టక్కున పడేది. ఆపరేటరు చేస్తున్న పని ఆపి, కార్డు గుచ్చి "నంబర్ ప్లీజ్" అనేది. కంప్యూటరులో ప్రాసెసరే ఆ ఆపరేటరు. కీబోర్డు, డిస్కు, ప్రింటరు, సౌండు కార్డు చందాదారులు. ఒక్కొక్కరికీ ఒక పిలుపు లైను ఉంటుంది. దాన్నే ఐ.ఆర్.క్యూ. నంబరు అంటారు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లో అటువంటి లైన్లు ఎనిమిదే. 1984లో వచ్చిన ఏ.టి. మోడలులో మరో ఎనిమిది చేర్చారు. అయితే రెండో చిప్పును మొదటి దాని రెండో నంబరు లైనుకు తగిలించడం వల్ల వాడకానికి మిగిలినవి పదిహేను. అందులో గడియారానికి 0, కీబోర్డుకు 1, సీరియల్ పోర్టులకు 4, 3, ఫ్లాపీకి 6, ప్రింటరుకు 7, హార్డు డిస్కుకు 14 ముందే రిజర్వు. కొత్తగా వచ్చిన కార్డు ఎక్కడో సర్దుకోవాలి. ఆ పాత ఐ.ఎస్.ఎ. స్లాట్లలో ఒకే లైను మీద ఇద్దరు కూర్చుంటే పని జరగదు. ఒకే షట్టరుకు ఇద్దరు చందాదారులను కడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

సౌండు కార్డు పద్ధతి ఇంకొంచెం విడ్డూరం. పాటలో ఒక చిన్న ముక్కను ప్రాసెసరు మెమొరీలో ఒక పళ్లెంలో పెడుతుంది. కార్డు ఆ పళ్లెంలోంచి డి.ఎం.ఏ. అనే దొడ్డిదారిన, ప్రాసెసరును కదిలించకుండా, తనంతట తానే తీసుకుని వాయించుకుంటుంది. పళ్లెం అయిపోవస్తుంటే గంట కొడుతుంది. అదే ఐ.ఆర్.క్యూ. గంట వినగానే ప్రాసెసరు తరువాతి ముక్క వడ్డిస్తుంది. గంట మోగినా ఆపరేటరుకు వినపడకపోతే? కార్డు ఊరుకోదు. అదే పళ్లెం మళ్లీ మొదటినుంచి వాయిస్తుంది. మళ్లీ, మళ్లీ. మా అమ్మ "ఉం... ఉం..." అదీ. శబ్దం రావడమే లేదంటే అది ఒక జబ్బు, ఒకే ముక్క తిరుగుతోందంటే ఇంకొక జబ్బు అని నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది. కార్డు బతికే ఉంది. దాని గంట ఎవరికీ వినపడటం లేదు, అంతే.

ఈ సౌండు కార్డుల చరిత్ర చాలా పెద్దది, రెండు మాటల్లో ముగిస్తాను. మొదట్లో పి.సి.కి ఉన్నది కీచుమనే చిన్న స్పీకరే. 1987లో కెనడాలోని క్విబెక్ నుంచి ఆడ్‌లిబ్ వారి కార్డు వచ్చింది. 1989లో సింగపూరు నుంచి సౌండ్ బ్లాస్టర్ వచ్చింది. దాని వెనకనున్న మనిషి సిమ్ వాంగ్ హూ, క్రియేటివ్ కంపెనీ స్థాపకుల్లో ఒకరు, 2023 జనవరిలో కాలం చేశారు. ఆ కార్డు ఎంత ప్రాచుర్యం పొందిందంటే మిగతా కంపెనీలన్నీ "మాది కూడా అలాంటిదే" అని చెప్పుకోవలసి వచ్చింది. అడ్రసు 220, పిలుపు లైను 5, డి.ఎం.ఏ. 1, ఇవి పంచాంగంలో తిథి వార నక్షత్రాల్లా స్థిరపడ్డాయి. ఆటోఎగ్జెక్ అనే ఫైలులో ఒక వరుసగా ఈ నంబర్లు రాస్తే చాలు, ఆటలు పాటలు పాడేవి. కార్డు మీద మాత్రం చిన్న చిన్న పిన్నులు, వాటి మీద నల్లటి టోపీలు ఉండేవి. వాటిని కూడా జంపర్లనే అంటారు. ఏ టోపీ ఎక్కడ పెడితే కార్డు ఆ నంబరు మీద పిలుస్తుంది.

ఈ పిన్నుల బెడద తప్పించడానికే 1993లో ప్లగ్ అండ్ ప్లే అనే ఏర్పాటు రూపొందింది. అది నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు, ముచ్చటగా చెబుతాను. ప్రతి కార్డుకూ పుట్టుకతో ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తారు. మెషీను లేవగానే అన్ని కార్డులనూ ఒకేసారి హాజరు అడుగుతుంది. "మీ సంఖ్యలో మొదటి బిట్టు ఒకటి అయినవాళ్లు పలకండి" అంటుంది. ఒకటి ఉన్నవి పలుకుతాయి. సున్నా ఉన్నవి ఆ పలుకు విని, ఈ విడతకు తప్పుకుంటాయి. అలా బిట్టు తరువాత బిట్టు అడుగుతూ పోతే చివరకు ఒకే కార్డు నిలుస్తుంది. దానికి ఒక టోకెను ఇచ్చి పక్కన కూర్చోబెట్టి, మిగతావాటితో మళ్లీ మొదలుపెడుతుంది. అందరూ తేలాక ఎవరికి ఏ లైను అన్నది పంచుతుంది. 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చినప్పుడు ఈ పంపకం ఆపరేటింగ్ సిస్టం చేతికి వచ్చింది. అంతకు ముందు ఆ పెత్తనం మనదీ, మన స్క్రూడ్రైవరుదీ.

పెత్తనం మారినప్పుడు ఇబ్బందులు తప్పవు. ప్లగ్ అండ్ ప్లే కాదు, ప్లగ్ అండ్ ప్రే అని, అంటే తగిలించి దణ్ణం పెట్టుకోమని, లోకమంతా హాస్యమాడింది. 1998 ఏప్రిల్‌లో చికాగో కామ్‌డెక్స్ ప్రదర్శనలో విండోస్ 98 చూపిస్తూ, బిల్ గేట్స్ వేదిక మీద ఉండగానే, ఒక స్కానరు తగిలించేసరికి తెర నీలమైపోయి మెషీను ఆగిపోయింది. సభంతా నవ్వింది. అంతటివారి సభలోనే అలా అయినప్పుడు మన వరండాలో అవడం వింత కాదు.

నా వరండాకు వస్తాను. మా కార్డు ప్లగ్ అండ్ ప్లేకు ముందుతరం మనిషి. హాజరు పిలిస్తే పలకదు. దాని జంపరు 5 మీద ఉంది, అది 5 మీదే పిలుస్తుంది, ఆ సంగతి ఎవరికీ చెప్పదు. అదే పెట్టెలో ఒక మోడెము కార్డు ఉంది. అది కొత్తతరం, పిలిస్తే పలుకుతుంది. పాత ఏర్పాటులో దాన్ని వేరే లైను మీద సర్దిపెట్టారు. కొత్త ఆపరేటింగ్ సిస్టం మొత్తం హాజరు తీసుకుని, "అయిదో నంబరు మీద ఎవరూ పలకలేదు కాబట్టి అది ఖాళీ" అనుకుని, మోడెమును తెచ్చి అయిదులో కూర్చోబెట్టింది. అద్దెకు తీసుకున్నవాడు లోపల నిద్రపోతుంటే తలుపు కొట్టి, పలకలేదని ఇంకొకడికి తాళం ఇచ్చినట్టు.

ఇది ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నాకు తెలిసింది ఇంతే: డివైస్ మేనేజరు అనే జాబితాలో రెండు పేర్ల పక్కన పసుపు రంగు గుండ్రం, అందులో ఆశ్చర్యార్థకం. దుకాణం అబ్బాయి వచ్చి చూసి, "కార్డు పోయింది మామయ్యగారూ, ఎనిమిది వందలవుతుంది కొత్తది" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. నిన్నటిదాకా పాడిన కార్డు ఈ రోజు ఎలా పోతుంది? నేనే ఆ జాబితాలోకి వెళ్లి సౌండు కార్డు నంబరు 5 తీసేసి 7 అని పెట్టాను. పసుపు గుర్తు పోయింది! సంతోషించాను. పాట పెడితే మళ్లీ "ఉం... ఉం..." మాత్రమే. ఇక ఇది కార్డు జబ్బు కాదు, ఆ ఫైలే పాడైందనుకుని, అసలు కేసెట్టు తీసి డెక్కులో పెట్టి మళ్లీ ఎక్కించే ప్రయత్నం చేశాను. సూది కదలదు. ఒక మార్పు చేస్తాను, మెషీను మళ్లీ లేపుతాను, కేసెట్టు వెనక్కి తిప్పి మళ్లీ నొక్కుతాను. అలా ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు.

మిత్రులారా, ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పరీక్షకు సినిమా పాటల కేసెట్టు ఏదైనా వాడి ఉండవలసింది. ఇంట్లో నలభై ఉన్నాయి. నా తొందరలో ప్రతిసారీ అమ్మ కేసెట్టే పెట్టాను. ఒక సాయంత్రం రెండో వైపు నడుస్తుండగా డెక్కులో చక్రం చుట్టూ టేపు చుట్టుకుపోయింది. నా చేతులు వణికాయి. పెన్సిలుతో మెల్లగా చుట్టి, ముడతలు పడిన భాగాన్ని సరిచేశాను గాని, నాలుగు నిమిషాల మేర పనికిరాకుండా పోయింది. ఆ నాలుగు నిమిషాల్లో ఒక లాలిపాట ఉంది. నన్నూ, అక్కయ్యనూ ఊయలలో వేసి పాడిన పాటట అది. దాని మాటలు మా ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా రావు.

తరువాతి ఆదివారం అమ్మ ఆబ్దికం. అక్కయ్య గురువారమే వచ్చేసింది. అప్పటికి ఆవిడకు ఒక కంటికి ఆపరేషను అయి, రెండో కంటికి చెయ్యవలసి ఉంది. "చూపు ఎలాగూ అంతంతమాత్రం, చెవులైనా ఉండగా వినిపించరా" అంది. లాలిపాట సంగతి ఆవిడకు చెప్పే ధైర్యం నాకు రాలేదు.

శుక్రవారం మా మేనల్లుడు, ఇంజనీరింగు చదువుతున్నవాడు, భోజనానికి వచ్చి నా అవస్థ అంతా విన్నాడు. అన్నం తింటూనే అడిగాడు: "మామయ్యా, నంబరు తెర మీద మార్చావు సరే, కార్డు మీద జంపరు మార్చావా?"

నా ముఖం చూడవలసింది. ముప్ఫై ఏళ్లు ఎం.డి.ఎఫ్. దగ్గర పనిచేసినవాణ్ణి. రిజిస్టరులో నంబరు మార్చి, ఫ్రేము మీద జంపరు మార్చకపోతే ఫోను ఎవరింట్లో మోగుతుందో ఎంతమంది కొత్త కుర్రవాళ్లకు పాఠం చెప్పాను! నా ఇంట్లో నేను చేసింది సరిగ్గా అదే. తెర మీద 7 అని రాసుకున్నాను, కార్డు మాత్రం 5 మీదే పిలుస్తూ ఉంది. పసుపు గుర్తు పోవడం అంటే జబ్బు పోవడం కాదు. కాగితం మీద తగాదా లేదు, అంతే.

ఆ తరువాత పని గంటలో అయిపోయింది. ముందు జాబితాలో సౌండు కార్డును తిరిగి 5కు తెచ్చాం. జంపరు కదిలించలేదు. ఏడుకు మారిస్తే ప్రింటరుతో పేచీ. కదలవలసింది మోడెము, ఎందుకంటే అది చెబితే వినే రకం. మెషీను లేస్తుండగా డిలీట్ మీట నొక్కితే బయాస్ అనే తొలి అమరికల తెర వస్తుంది. అందులో ప్లగ్ అండ్ ప్లే పేజీలో అయిదో నంబరు ఎదురుగా ఉన్నదాన్ని "లెగసీ ఐ.ఎస్.ఎ." అని మార్చాం. అంటే, ఈ గదిలో పాత అద్దెదారు ఉన్నాడు, పలకకపోయినా ఎవరికీ ఇవ్వవద్దు అని బోర్డు పెట్టడం. మళ్లీ లేపితే మోడెము తనంతట తానే పదో నంబరుకు వెళ్లి కూర్చుంది. ఫైలు నొక్కాను.

"ఉండరా అబ్బాయ్."

మొత్తం మాట. అక్కయ్య పక్క గదిలో నడుం వాల్చి ఉంది. "అమ్మా" అంటూ లేచి వచ్చింది. ఎవరిని పిలిచిందో ఆవిడకే తెలియదు.

ఆ రాత్రి టేపును కొత్త డబ్బాలోకి మార్చాం. పాతదానిలో టేపును హెడ్డుకు అదిమిపెట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉంది. డెక్కు హెడ్డు స్పిరిట్‌తో తుడిచాం. టెలిఫోను తీగ మోడెము నుంచి పీకేశాం. ఒక్కొక్క వైపు ఒక్కసారే, ఆపకుండా, ఎక్కించాం. రెండో వైపు ఆ నాలుగు నిమిషాలు వచ్చేసరికి గరగర శబ్దం తప్ప ఏమీ లేదు. అప్పుడు చెప్పాను. అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తనకు గుర్తున్న రెండు చరణాలు తనే పాడింది. మేనల్లుడు మైకు ముందుకు జరిపాడు. ఆ గరగర తరువాత ఇప్పుడు అక్కయ్య గొంతు ఉంటుంది. ఆవిడ కూడా 2011లో పోయింది.

ఇదంతా పాత సరుకు, ఇప్పుడెందుకు అని పిల్లలు అనుకోవచ్చు. ఆ స్లాట్లూ ఆ జంపర్లూ మన ఇళ్లలోంచి పోయాయి, నిజమే. పి.సి.ఐ. తరం నుంచి ఒకే లైనును ఇద్దరు పంచుకునే వీలు వచ్చింది. సౌండు భాగం మదరుబోర్డు మీదే వస్తోంది. అయినా జబ్బు పోలేదు, వేషం మార్చింది. ఇప్పుడు టీవీకి తగిలించే హెచ్.డి.ఎం.ఐ. తీగలో బొమ్మతో పాటు శబ్దం కూడా వెళుతుంది. అందుచేత బొమ్మ చూపే చిప్పు కూడా తానొక సౌండు కార్డునని చెప్పుకుంటుంది. ఒక అప్‌డేటు తరువాత ఎవరు ముందు పలికారన్న వరుస మారవచ్చు. లినక్సు వాడేవారికి ఇది బాగా తెలుసు. అక్కడ కార్డులకు దొరికిన క్రమంలో 0, 1 అని నంబర్లు వేస్తారు. నిన్న సున్నా అయినది ఈ రోజు ఒకటి అయితే, శబ్దం స్పీకర్లు లేని మానిటరుకు పోతుంది. తెర మీద గీత ఎగురుతూనే ఉంటుంది, చెవికి ఏమీ రాదు.

మన సభ్యులొకరు, పేరు చెప్పను, ఇక్కడే నవ్వుతున్నారు. ఆయన అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియోలో మాట్లాడుతుంటే ఆ పిల్లకు ఈయన మాట వినిపిస్తోంది, ఈయనకు ఆ పిల్ల మాట వినపడటం లేదు. వారం రోజులు ఓపిక పట్టి, చెవుల డాక్టరు దగ్గరకు వెళ్లి పరీక్ష చేయించుకుని, చెవులు బాగానే ఉన్నాయని చీటీ తెచ్చుకున్నారు. నేను వెళ్లి చూస్తే శబ్దం పక్క గదిలో కట్టేసి ఉన్న టీవీ వైపు వెళుతోంది. విండోస్ అయితే కింద కుడి మూలన స్పీకరు బొమ్మ ఉంటుంది. దాని మీద నొక్కి, శబ్దం ఏ దారిన పోవాలో జాబితాలోంచి మన స్పీకర్లను ఎంచుకోవాలి. అర నిమిషం పని. మన మాట అవతలివారికి వినపడకపోతే మాత్రం ప్రైవసీ అమరికల్లో మైక్రోఫోనుకు అనుమతి ఉందో లేదో చూడండి.

ఇంకొకటి. ఆపరేటింగ్ సిస్టం మార్చే ముందు ఆ డివైస్ మేనేజరు తెరను ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. నేను ఆనాడు ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకుని ఉంటే లాలిపాట ఉండేది.

ఇళ్లలో కేసెట్లు ఉన్నవారు చెయ్యి ఎత్తండి. చాలామందే ఉన్నారు. మధ్యాహ్నం భోజనాల తరువాత వెనక గదిలో టేప్‌డెక్కూ ల్యాప్‌టాపూ పెట్టుకుని కూర్చుంటాను. మేనల్లుడు కూడా వచ్చాడు, వాడికీ ఇప్పుడు తల నెరిసింది. కేసెట్టు తెచ్చినవారు దాన్ని ముందుగా వాయించి చూడకండి, అలాగే తీసుకురండి. పరీక్షకు సినిమా పాటలది మా దగ్గర ఉంది.

అధ్యక్షులవారు అనుమతిస్తే అమ్మ పాట రెండు నిమిషాలు వినిపిస్తాను. పొద్దున్నే వచ్చి తీగలు, స్పీకర్లు చూసుకున్నాను. వెనక వరుసలో వినపడకపోతే చెప్పండి.